కుడి చివరి చుక్క

ఆగస్టు 4, సోమవారం

ఈ రోజు నుంచి డైరీ రాయాలని తీర్మానించడమైనది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సభలో ఉన్నది నేనొక్కడినే కాబట్టి పెద్దగా చర్చ జరగలేదు.

ఇందుకు కారణం సగటు సార్. మాకు స్టాటిస్టిక్స్ చెబుతారు. ఒంట్లో ఎలా ఉంది సార్ అని అడిగితే "సగటున పర్వాలేదు నాయనా" అంటారు. అప్పటి నుంచి ఆయన అసలు పేరు కాలేజీ మరిచిపోయింది. ఇవాళ క్లాసులో జోడీలు కట్టి, జోడీకొక సర్వే తగిలించారు. సమాచారం పోగు చేయాలి, గ్రాఫు గీయాలి, ఆ గ్రాఫు ఏమంటోందో చెప్పాలి.

"గ్రాఫు నోట్లో మనం మాట పెట్టకూడదు. అది చెప్పేది వినాలి" అన్నారు. వెనక బెంచీలో నేను చెవి రిక్కించి బల్లకి ఆనించాను. బయటికి పొమ్మన్నారు. శాస్త్రానికి ఇదీ గౌరవం.

నా జోడీ స్కేలు. కదిలే బస్సులో నిలబడి తిన్నని గీత గీయగల అమ్మాయి. మనిషీ అంతే, ఎక్కడా వంకర లేదు. నాతో పడటం ఆమె ఖర్మ.

క్యాంటీన్ టీలో టీ ఎంత, నీళ్ళెంత అన్న అంశం నేను ప్రతిపాదించాను. "ఒక్కసారైనా మనిషిలా ఆలోచించరా" అంది. అప్పుడు నోటికొచ్చింది అనేశాను: నాన్న పనిచేసే షెడ్డు ఉంది కదా, రేకు డబ్బాలకి మూతలు కొడతారు, అక్కడి మోతకి చెవులు ఏమవుతున్నాయో చూద్దాం. ఎన్నేళ్ళు పనిచేస్తే వినికిడి ఎంత తగ్గుతుంది?

స్కేలు కళ్ళు వెలిగాయి. నాకు మాత్రం అనుమతి సులభంగా దొరుకుతుందన్న ఆశ, టీ ఉచితమన్న ఆశ. అంతకుమించి ఆలోచించలేదు. ఆలోచించే అలవాటే ఉంటే నాకు డైరీ ఎందుకు?

ఆగస్టు 7, గురువారం

భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. పలకలేదు. మళ్ళీ చెప్పాను. అమ్మ ఆయన మోచెయ్యి తట్టింది. తలెత్తి నా ముఖంలోకి చూశాడు. "ఏంట్రా?"

మూడోసారి చెప్పాను. నమలడం ఆపాడు.

"చెవులేంట్రా చెవులు? ఊపిరితిత్తులు చూడండి. రేకు దుమ్ము చూడండి. సగం షెడ్డు దగ్గుతోంది. చెవులకేం, బానే ఉన్నాయి."

"దుమ్మూ చూస్తాం, చెవులూ చూస్తాం" అన్నాను.

"వీడికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం..." అంటూ అమ్మ సగంలో నాలుక కరుచుకుంది. నాన్న మళ్ళీ కంచంలోకి తల దించేసుకున్నాడు, కాబట్టి వినలేదు.

నాన్నది పరధ్యానం. మొదటి నుంచీ అంతే.

ఆగస్టు 9, శనివారం

షెడ్డు చూసొచ్చాం. ఇంటికొచ్చి మూడు గంటలైనా తలలో ప్రెస్సులు ఆడుతున్నాయి.

లోపల మాట అనేది లేదు. ఒకడి నోరు ఇంకొకడు చూస్తాడు, అంతే. కొత్తవాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తారు. పాతవాళ్ళు పెదాలు సాగదీసి ఊరుకుంటారు, అవతలివాడికి అర్థమైపోతుంది. స్కేలు దీన్ని రాసుకుంది. నేను దూరంగా ఉన్న ఫోర్‌మన్ నోరు చదవడానికి ప్రయత్నించాను. నన్నే తిడుతున్నాడని తేలింది.

నాన్న ప్రెస్సు మీద ఇద్దరుంటారు. రేకు లోపలికి తోసేది బాబాయి. పెడల్ తొక్కేది నాన్న. బాబాయి సొంత బాబాయి కాదు, మా వెనక వీధి. కానీ సొంత బాబాయిలెవరూ నన్ను అంతగా తిట్టలేదు కాబట్టి ఆయనకే ఆ పదవి. ఇద్దరి మధ్యా ఒక ఇనుప పలక అడ్డం ఉంటుంది. నాన్నకి బాబాయి ముఖం కనిపిస్తుంది, చెయ్యి కనిపించదు. చెయ్యి బయటికి తీసేసి బాబాయి "ఊ" అంటాడు. అప్పుడు నాన్న తొక్కుతాడు. ధన్! మూత. ఊ. ధన్! మూత. నాన్న కాలికీ బాబాయి చేతికీ మధ్య ఉన్నదల్లా ఆ "ఊ" ఒక్కటే.

"ఎన్నేళ్ళ నుంచి అంటున్నావు బాబాయ్ ఈ ఊ?" అని బయటికొచ్చాక అడిగాను.

"నేనొచ్చి పద్నాలుగేళ్ళు. అంతకు ముందు పన్నెండేళ్ళు మీ నాన్న ఇంకెవడి ఊ తోనో కాపురం చేశాడు."

గేటు దగ్గర స్టూలు తాత ఉన్నాడు. ఒకప్పుడు ఆయనా ప్రెస్సు మీదే. చెవులు పోయాయని తెలిశాక గేటు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. చెవి మందమైతే ప్రెస్సు మీద ఉంచరు, అది షెడ్డు నియమం. వచ్చేపోయేవాళ్ళు ఆయనకి ఉత్తుత్తి నోరు ఆడించి చూపిస్తారు. ఆయన తల ఊపుతాడు. వాళ్ళు నవ్వుకుంటారు.

నాన్న మాత్రం ఆ స్టూలు వైపు చూడకుండా గేటు దాటుతాడు. ఇవాళ గమనించాను.

ఆగస్టు 12, మంగళవారం

పరీక్ష మొదలైంది. షెడ్డు వెనక అట్టపెట్టెల గది ఇచ్చారు, కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది. పద్ధతి స్కేలుది. మనిషి గోడ వైపు తిరిగి నిలబడాలి. మేము నాలుగు అడుగుల వెనక నుంచి మెల్లగా పది మాటలు చెబుతాం. గిన్నె, తలుపు, మేకు, పావురం, దుప్పటి, సబ్బు, బొత్తం, గొడుగు, కుర్చీ, నీళ్ళు. వాళ్ళు తిరిగి చెప్పాలి. పదికి ఎన్ని? తర్వాత ఇంకో ప్రశ్న: ఎంత తరచుగా దగ్గు వస్తుంది? ఇది నాన్న మాట విని చేర్చింది.

చేరి ఏడాది కాని కుర్రాళ్ళు తొమ్మిది, పది కొట్టారు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళు ఏడు. ఒకాయన "పావురం" అంటే "ఆదివారం" అన్నాడు. పాపం, మనసులో ఉన్నదే వినపడుతుంది. బాబాయికి ఆరు వచ్చాయి.

"ఆరంటే పాసేనా పండితా?"

"ఫస్టు క్లాసు బాబాయ్."

"మరింకేం. బళ్ళో ఎప్పుడూ రాలేదు, ఇక్కడొచ్చింది."

అయిదులోపు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నా ప్రెస్సు మీద ఉండరుగా, అంది స్కేలు. స్టూలు తాతని పరీక్షిద్దామా అన్నాను. ఆయన ప్రెస్సు మీద లేడు, లెక్కలోకి రాడు అంది.

రేపు నాన్న వంతు. "మా వాడి దగ్గరే చేయించుకుంటా" అన్నాడట.

ఆగస్టు 13, బుధవారం

నాన్న వంతు అయింది. పదికి తొమ్మిది.

ఆగస్టు 16, శనివారం

గ్రాఫు గీశాం. అంటే స్కేలు గీసింది, నేను పెన్సిలు చెక్కి జాతికి సేవ చేశాను. అడుగున సంవత్సరాలు, నిలువున మార్కులు. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. చుక్కలన్నీ ఎడమవైపు గుంపుగా ఉన్నాయి, ఎందుకంటే ఎక్కువమంది కొత్తవాళ్ళే. మధ్యలో కాస్త కిందగా బాబాయి. కుడి చివర, ఎవరూ లేనిచోట, ఎత్తులో ఒకే ఒక చుక్క. నాన్న. పెళ్ళిలో తప్పిపోయిన చుట్టంలా ఉంది.

చుక్కల మధ్య నుంచి గీత లాగింది. దాదాపు పడుకుంది.

స్కేలు ఆ చుక్క మీద వేలు పెట్టి మూసింది. మిగతా వాటితో గీత మళ్ళీ లాగింది. జారుడు బల్ల. వేలు తీసింది. బల్లపరుపు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది.

"ఒక్క చుక్క మొత్తం గీతని ఎత్తేస్తోంది. మీ నాన్నగారిని ఇంకోసారి చూద్దామా?"

"మా నాన్నవి పాముచెవులు తల్లీ. నేను మూడో గదిలో బీరువా తీస్తే తెలిసిపోతుంది."

"అది కాదురా, చివరన ఒక్కరే ఉన్నప్పుడు..."

"అంటే నేను తప్పు రాశాననా?"

వెంటనే వేలు తీసేసింది. ఎదుటివాడి నిజాయితీ మీద వేలు పెట్టే రకం కాదు.

ఆగస్టు 18, సోమవారం

సగటు సార్ గ్రాఫుని ఎండకి పట్టుకుని చూశారు, దొంగ నోటేమో అన్నట్టు.

"ఈ చివరి చుక్క చిత్రంగా ఉందే. కారణం లేకుండా చుక్కని తీసేయకూడదు. కానీ అడిగి చూడాలి. రెండోసారి పరీక్షించావా?"

"చేశాను సార్. మళ్ళీ తొమ్మిదే."

"అయితే చెవి అలవాటు పడిపోతుందన్నమాట!" ఆయన ముఖం వెలిగిపోయింది. "అదే రాయండి. చాలా మంచి పరిశీలన."

స్కేలు నా వైపు చూసింది. ఎప్పుడు చేశావని అడగలేదు.

ఆగస్టు 20, బుధవారం

ఈ డైరీ చదివేది నేనొక్కడినే. అయినా ఇక్కడ కూడా తొమ్మిదే రాశాను. నా తెలివి చూసి నాకే ముచ్చటేస్తోంది. సాక్షులు లేని గదిలో కూడా దొంగసాక్ష్యం చెప్పిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

సరే, జరిగింది రాస్తాను. ఒక్కసారి రాసి పేజీ తిప్పేస్తాను.

స్కేలు బయట దగ్గు లెక్కలు రాసుకుంటోంది, అట్టపెట్టెల గదిలో నేనొక్కడినే. నాన్న తల దువ్వుకుని వచ్చాడు. ఫొటో తీస్తారనుకున్నాడేమో. "ఎదురుగా నిలబడి అడగరా, సరిపోతుంది" అన్నాడు. "పద్ధతి ఒప్పుకోదు నాన్నా" అన్నాను గంభీరంగా. గోడ వైపు తిరిగాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, బళ్ళో పిల్లాడిలా. నేను మొదలుపెట్టాను. గిన్నె. ఆగాను. పలకలేదు. తలుపు. మేకు. కాస్త గొంతు పెంచాను. పావురం. దుప్పటి. ఆయన మెడ వెనక చిన్న కత్తెర గాటు ఉంది, మంగలిది. దాన్ని చూస్తూ సబ్బు అన్నాను, బొత్తం అన్నాను. గొడుగు, కుర్చీ, నీళ్ళు. చివరికి మామూలు గొంతుతోనే అన్నాను.

అయిపోయింది. నిలబడ్డాను.

నాన్న గోడ వైపే చూస్తూ అన్నాడు: "ఇంకెంతసేపురా? మొదలుపెట్టు."

భుజం తట్టాను. తిరిగాడు. "అయిపోయింది నాన్నా. తొమ్మిది" అన్నాను. నా నోటి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"మంచి మార్కులే" అని వెళ్ళిపోయాడు.

పది వేస్తే అనుమానం వస్తుంది కదా, అందుకని తొమ్మిది. ఒక్క చుక్క. ఒక్క చుక్కకి కొంపలేం మునుగుతాయి? స్టూలు తప్పింది, చాలు.

ఆగస్టు 29, శుక్రవారం

మా ప్రదర్శన. హాలు నిండింది. షెడ్డు మేనేజరు కూడా వచ్చాడు, ముందు వరుసలో.

మొదటి గ్రాఫు: మోత వల్ల వినికిడికి చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు. రెండో గ్రాఫు: దగ్గు. ఇది ఏళ్ళతో పాటు ఎగబాకింది, నిజంగానే, మేమేమీ చేయలేదు. సూచన: పనివాళ్ళందరికీ ముక్కూ నోరూ కప్పే గుడ్డ మాస్కులు ఇవ్వాలి.

ఈ సూచన రాసింది నేను. చదివింది నేను. చప్పట్లు కొట్టించుకుంది నేను.

మేనేజరు లేచి నాతో చెయ్యి కలిపాడు. "మోత సోకకుండా చెవులకి తగిలించుకునే మఫ్లు కొనాలా వద్దా అని ఏడాదిగా నలుగుతోంది బాబూ. మీ పుణ్యమా అని తేలిపోయింది. మాస్కులు సోమవారమే ఆర్డరిస్తాను. మీ రిపోర్టు ఒక కాపీ నాకు కావాలి."

స్కేలు సంతోషంగానే ఉంది. కాపీ మాత్రం నా చేత ఇప్పించింది.

సెప్టెంబరు 8, సోమవారం

మాస్కులు వచ్చాయి. నీలం రంగు. గేటు దగ్గర అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. పెట్టుకోకుండా లోపలికి రానివ్వరట. స్టూలు తాతకి కూడా ఒకటి ఇచ్చారు, ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సర్వే వల్ల లోకంలో మార్పు వచ్చిన దాఖలా మా కాలేజీలో ఇదే మొదటిదని సగటు సార్ క్లాసులో ప్రకటించారు. నేను లేచి నాలుగు దిక్కులా వంగి నమస్కరించాను.

సెప్టెంబరు 10, బుధవారం

నాన్న ఇంటికొచ్చి మాస్కు తీసి బల్ల మీద పెట్టి దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. అమ్మ కదిపింది.

"అందరూ ముఖాలు మూసేసుకున్నారే" అన్నాడు. అంతే.

తర్వాత నేను ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. నోరు బాగా కదిలించి అడిగాను, "ప్రెస్సు మీద ఇబ్బందిగా ఉందా నాన్నా?"

మొదటిసారి ఇలా అడగడం. ఇద్దరం వేరే దిక్కులు చూశాం. కానీ ఆయన నా నోటి వైపు చూడకుండా ఉండలేడు కదా, మళ్ళీ ఇటే తిరిగాడు.

"ఏముందిరా. వాడు ఊ అంటే గుడ్డ కదులుతుంది. కదిలితే తొక్కుతా. అలవాటైపోతుంది."

హమ్మయ్య. దారి ఆయనే కనుక్కున్నాడు. అనుభవం అంటే అదీ.

సెప్టెంబరు 14, ఆదివారం

బాబాయి వచ్చాడు. వచ్చీ రావడంతోనే నా నెత్తి మీద ఒకటి మొట్టాడు.

"ఏరా పండితా, మీ నాన్నకి తొమ్మిది, నాకు ఆరా? ముసలాడికి పాముచెవులు, నాకు తాబేటి చెవులా? షెడ్డులో అందరికీ చెప్పేశాను. మా అన్న ముందు గుసగుసలు కుదరవురోయ్ అని."

"అది కాదు బాబాయ్..."

"ఇదివరకు పిచ్చోడిలా వాడి వైపు తిరిగి నోరు బార్లా తెరిచి ఊ, ఊ అనేవాణ్ణి. మెడ పట్టేసేది. ఇప్పుడు నా పని నేను చూసుకుంటూ అనేస్తున్నా. వినపడుతుందిగా!"

నాన్న ఎదురు కుర్చీలో ఉన్నాడు. బాబాయి నా వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. నాన్నకి అందలేదు. ఇద్దరం నవ్వుతుంటే తనూ నవ్వాడు.

చెప్పేయాలి. ఒక్క మాట. "బాబాయ్, నాన్న వైపు తిరిగి, మాస్కు దించి అను." కారణం అడుగుతాడు. అడిగితే నిజం చెప్పాలి. బాబాయి కడుపులో మాట దాగదు, తొమ్మిది సంగతి ఎంత తొందరగా పాకిందో చూశాంగా. సాయంత్రానికి షెడ్డు, మర్నాటికి స్టూలు.

వీధి చివరిదాకా సాగనంపాను.

"ఏంట్రా, ఏదో నములుతున్నావు?"

"ఏం లేదు బాబాయ్. జాగ్రత్త."

"ఎవరికి?"

"ఊరికే, నోటికొచ్చింది అన్నాను."

"నీ నోటికి వచ్చేవన్నీ ఊరికే వచ్చేవేరా" అని వెళ్ళిపోయాడు.

వచ్చే ఆదివారం చెబుతాను.

సెప్టెంబరు 18, గురువారం

బాబాయి చెయ్యి.

సెప్టెంబరు 20, శనివారం

కుడి చెయ్యి. నాలుగు వేళ్ళు. బొటనవేలు మిగిలింది.

రేకు అడ్డంగా ఇరుక్కుందట. సరిచేయడానికి బాబాయి చెయ్యి లోపల పెట్టాడు. "ఆగు" అని అరిచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తల రేకు వైపే ఉంది. మూతి మీద గుడ్డ ఉంది.

నాన్న రెండు రోజులుగా మంచం మీదే కూర్చున్నాడు. కుడి కాలు కిందికి దించడం లేదు. పైకి ముడుచుకుని చేతులతో పట్టుకున్నాడు. ఇవాళ నేను ముందుకు వెళ్ళి నేల మీద కూర్చుంటే నా ముఖం చూసి అన్నాడు:

"గుడ్డ కదిలిందిరా."

ఇంకేం రాయను.

సెప్టెంబరు 22, సోమవారం

బాబాయి భార్య వచ్చింది. పిన్ని ఎప్పుడూ వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చేస్తుంది. ఇవాళ ముందు గుమ్మం దగ్గర నిలబడింది. అమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు.

షెడ్డులో విచారణ జరిగిందట. నాన్నని పిలిచి మేనేజరు ఎదురుగా కూర్చుని అడిగాడట, "అతను అరిచాడా?" నాన్న ఉన్నమాటే చెప్పాడు: "నాకేమీ వినపడలేదు." మేనేజరు మా రిపోర్టు తీశాడట. వెనక నుంచి మెల్లగా చెప్పిన మాటలు పదికి తొమ్మిది విన్న మనిషి. అలాంటివాడికి అరుపు వినపడలేదంటే అరుపే లేదు. అరవకుండా చెయ్యి పెట్టాడు. తప్పు తోసేవాడిదే. రాసి సంతకం పెట్టేశారు.

"గొంతు చించుకుని అరిచానంటున్నాడు" అంది పిన్ని. "ఆసుపత్రిలో మందు మత్తులో కూడా ఆగు, ఆగు అనే అరుస్తున్నాడు. మీ నాన్న వినపడలేదంటున్నాడు. ఈయన అబద్ధమాడడు, ఆయనా అబద్ధమాడడు. మరి ఏమైంది బాబూ? నువ్వు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు."

నాకెప్పుడూ ఏదో ఒక మాట నోటికి వస్తుంది. ఊరికే వచ్చేస్తుంది. ఇవాళ రాలేదు.

అమ్మ నా వైపు చూసింది. అమ్మకి మొదటి నుంచీ తెలుసు. చెవుల సంగతీ తెలుసు, తొమ్మిది సంగతీ తెలుసు.

పిన్ని ముందు గుమ్మంలోంచే వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 23, మంగళవారం

లైబ్రరీ మెట్ల మీద స్కేలుకి చెప్పాను. మొత్తం. మధ్యలో రెండుసార్లు జోకు వేయబోయాను. ఆమె ముఖం చూసి మానేశాను.

"రెండోసారి చేశానన్నావు."

"చేయలేదు."

"మొదటిసారి ఎన్ని?"

"సున్నా."

ఒళ్ళో ఉన్న గ్రాఫు కాగితం నునుపు చేసింది. నునుపు చేయడానికి అందులో మడతలేమీ లేవు.

"నాకు అనుమానం వచ్చింది. వేలు పెట్టాను కూడా. నువ్వు రోషపడ్డావని తీసేశాను" అంది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "నా వేలు అక్కడే ఉంచాల్సింది. ఆయనకి వేళ్ళు ఉండేవి."

ఇద్దరం సగటు సార్ గదికి వెళ్ళాం. ఆయన విన్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు, మళ్ళీ పెట్టుకోలేదు. "అలవాటు పడుతుంది అన్న మాట గ్రాఫు నోట్లో నేనే పెట్టాను నాయనా" అన్నారు. మేనేజరుకి ఫోన్ చేసి, రేపు అదే గదిలో అదే పరీక్ష మళ్ళీ జరగాలన్నారు. ఆయన గొంతు సగటున లేదు.

సాయంత్రం నాన్న ఎదురుగా కూర్చుని చెప్పాను. రేపు మళ్ళీ పరీక్ష. ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను. నా పెదాలు వణుకుతున్నాయి, అందుకని ఆయనకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మంచం మీద నుంచి కుడి కాలు నేల మీదికి దించాడు.

"ఈసారి వచ్చినన్నే వెయ్యి" అన్నాడు.

సెప్టెంబరు 24, బుధవారం

అట్టపెట్టెల గది. మేనేజరు, ఫోర్‌మన్, సగటు సార్, స్కేలు, నేను. పిన్ని గుమ్మం దగ్గర నిలబడింది.

నాన్న తల దువ్వుకోలేదు. ఎవరూ చెప్పకముందే గోడ వైపు తిరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మాటలు నన్నే చదవమన్నారు సార్. శిక్షో, దయో తెలియదు.

గిన్నె. తలుపు. మేకు.

పావురం అన్నప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. స్కేలు "మళ్ళీ" అంది. మళ్ళీ అన్నాను. దుప్పటి. సబ్బు. బొత్తం. గొడుగు. కుర్చీ. నీళ్ళు.

మేనేజరు తనే ముందుకొచ్చి, నాన్న వీపుకి జానెడు దూరంలో నిలబడి "ఆగు!" అని అరిచాడు. పెట్టెల మీద దుమ్ము రాలింది. గుమ్మం దగ్గర పిన్ని ఉలిక్కిపడింది.

నాన్న గోడ వైపు చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి అన్నాడు:

"మొదలుపెట్టరా. ఫర్వాలేదు."

అక్టోబరు 6, సోమవారం

బాబాయి అరిచాడని ఒప్పుకుని కాగితం మార్చారు. పరిహారం ఇస్తారట. వేళ్ళు ఇవ్వరు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నిద్రపోతున్నాడన్నారు. రెండోసారి మెలకువగానే ఉన్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వెనక నిలబడి "బాబాయ్" అన్నాను. ఆయనకి పదికి ఆరు వినపడతాయి. తిరగలేదు.

మా ప్రాజెక్టు కొట్టేశారు. స్కేలుకి వేరే జోడీ ఇచ్చారు. పోయేముందు గ్రాఫు మళ్ళీ గీసి సార్‌కి ఇచ్చింది. చూశాను. కుడి చివరి చుక్క అట్టడుగున, గీతకి ఆనుకుని కూర్చుంది. పైనుంచి దానిదాకా గీత తిన్నగా జారింది. చెవులకి మఫ్లు వచ్చాయట. మాస్కులూ ఉన్నాయి.

అక్టోబరు 9, గురువారం

క్యారేజీ ఇవ్వమని అమ్మ పంపింది. షెడ్డు గేటు దగ్గర ఇప్పుడు రెండు స్టూళ్ళున్నాయి. స్టూలు తాత నీడలో ఉన్నాడు, సీనియరు కదా. నాన్న స్టూలు ఎండలో ఉంది. రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. లోపలికి పోతూ ఇద్దరు కుర్రాళ్ళు ఆయన ముందు ఉత్తుత్తి నోరు ఆడించారు. తల ఊపాడు. వాళ్ళు నవ్వుకున్నారు.

నేను షెడ్డు వెనక దారిన వచ్చి, గేటు లోపలి నుంచి ఆయన వెనక్కి చేరాను. ఈ మధ్య ఇంట్లో ఏం చెప్పాలన్నా ఆయన ముందుకి వెళ్ళి నిలబడుతున్నాను. ఇవాళ వెళ్ళలేకపోయాను. నాలుగు అడుగుల వెనక ఆగాను. మెడ మీద గాటు మానిపోయింది.

అక్కడ నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. తొమ్మిది వేసింది నీ కోసమే అనుకున్నాను నాన్నా, స్టూలు తాత కొడుకుని కాకూడదని కూడా వేశాను అన్నాను. ఆదివారం బాబాయికి చెప్పగలిగీ చెప్పలేదన్నాను. నువ్వు కాదు తొక్కింది అన్నాను. స్టూలు తాత నా నోటి వైపే చూస్తున్నాడు. ఒక్క మాట వదలకుండా చూశాడు.

నా నీడ నాన్న భుజాల మీద పడింది. గమనించాడు. తిరగకుండానే అన్నాడు:

"ఎవరో గానీ, కాసేపు అక్కడే నిలబడు బాబూ. చల్లగా ఉంది."

నిలబడ్డాను.